కొండంత రాతి లోపలి ఖాళీని మ్యూయాన్ల లెక్క ఎలా పట్టిస్తుంది?

కోలార్ బంగారు గనుల్లో 1960ల మొదటి సగంలో ఒక ప్రయోగం జరిగింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు నేలకు 2,760 మీటర్ల లోతున డిటెక్టర్ అమర్చారు. పైనున్న రాతినంతా దాటుకుని మ్యూయాన్ అనే కణం ఒక్కటైనా వస్తుందేమోనని సుమారు రెండు నెలలు కాచుకుని కూర్చున్నారు. ఒక్కటి కూడా రాలేదు. అదే డిటెక్టర్‌ను పైన ఆరుబయట పెట్టి ఉంటే నిమిషానికి వేల మ్యూయాన్లు దాని గుండా దూసుకుపోయేవి.

ఆ సున్నా వెనుక పదేళ్లకు పైబడిన కొలత ఉంది. హోమీ భాభా సూచన మీద బి.వి. శ్రీకంఠన్ 1951లోనే గనిలోకి పరికరాలు దించి, లోతు పెరిగేకొద్దీ మ్యూయాన్లు ఎంత తగ్గుతున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తర్వాత ఎస్. మియాకే, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఆ కొలతను గని అడుగు దాకా తీసుకెళ్లి 1964లో ప్రచురించారు. కోలార్ రాయి మామూలు రాయి కంటే బరువు. ఘన సెంటీమీటరుకు 3 గ్రాములకు కాస్త ఎక్కువే తూగుతుంది. అందుకే 2,760 మీటర్ల ఆ రాయి దాదాపు 8,400 మీటర్ల నీటితో సమానం. ఎక్కడి కొలతనైనా మరోచోటి కొలతతో పోల్చాలంటే రాతి మందాన్ని ఇలా నీటి మందంలోకి మార్చుకోవాల్సిందే. మ్యూయాన్‌ను ఆపేది దారి పొడవు ఒక్కటే కాదు, ఆ దారిలో ఎంత పదార్థం ఉందన్నది.

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా, వీధుల్లో తెలుగు బాగా వినిపించే ఈ గనుల పట్టణం పేరు చెబితే బంగారమే గుర్తుకొస్తుంది. భౌతికశాస్త్రంలో మాత్రం కోలార్ అంటే ఈ కొలతలు, 1965లో అదే గనిలో దొరికిన, న్యూట్రినో అనే మరో రకం కణాల ఆనవాళ్లు. ఇంత రాయి దాటాక ఎన్ని మ్యూయాన్లు మిగులుతాయో చెప్పే పట్టిక అక్కడ మీటరు మీటరుకూ తయారైంది. ఆ పట్టికను తిరగేసి చదివితే ఇంకో పని జరుగుతుంది. మిగిలిన మ్యూయాన్లను లెక్కపెట్టి, పైన ఎంత రాయి ఉందో చెప్పవచ్చు. ఒక దిక్కు నుంచి పట్టిక ప్రకారం రావాల్సిన దానికంటే ఎక్కువ వస్తున్నాయంటే ఆ దిక్కున రాయి తక్కువగా ఉన్నట్టు, అంటే ఎక్కడో ఖాళీ ఉన్నట్టు. పిరమిడ్ల లోపలికి, అగ్నిపర్వతాల లోపలికి, కరిగిపోయిన అణు రియాక్టర్ల లోపలికి మనిషి చూడగలుగుతున్నది ఈ ఒక్క తర్కంతోనే.

మ్యూయాన్లను ఎవరూ తయారు చేయనక్కర్లేదు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల్లో ఎక్కువ భాగం ప్రోటాన్లు. అవి వాతావరణం పైపొరల్లో గాలి అణువుల కేంద్రకాలను ఢీకొన్నప్పుడు పయాన్లు అనే కణాలు పుడతాయి. ఆ పయాన్లు వెంటనే విచ్ఛిన్నమై మ్యూయాన్లు వస్తాయి. ఇదంతా సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున జరుగుతుంది. మ్యూయాన్‌ది ఎలక్ట్రాన్ లాంటి స్వభావమే కానీ 207 రెట్లు బరువు. దాని సగటు ఆయువు సెకనులో పది లక్షల వంతుల్లో 2.2 వంతులు. కాంతి వేగంతో వెళ్లినా ఆ కాస్త సమయంలో 660 మీటర్లకు మించి ప్రయాణించలేదు. అయినా 15 కిలోమీటర్లు దిగి నేలను తాకుతోందంటే కారణం సాపేక్షతా సిద్ధాంతం. అంత వేగంగా కదిలే కణానికి కాలం మన గడియారంతో పోలిస్తే నెమ్మదిగా నడుస్తుంది. నేల మట్టంలో చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ పడుతుంది. ఒక చేట పరిచినంత జాగాలో నిమిషానికి వెయ్యికి పైనే.

ఈ పనికి మ్యూయానే ఎందుకన్నది దాని శక్తిని చూస్తే తెలుస్తుంది. మామూలు రాతిలో ఒక మీటరు దూరం వెళ్లడానికి మ్యూయాన్ సుమారు 50 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే చిన్న కొలమానం) శక్తి ఖర్చు పెట్టుకుంటుంది. నేల మట్టంలో దాని సగటు శక్తి సుమారు 400 కోట్లు. అంటే సగటు మ్యూయాన్ ఎనిమిది మీటర్ల రాతిలోనే ఆగిపోతుంది. వంద మీటర్లు దాటాలంటే 5,000 కోట్లకు పైగా శక్తితో బయలుదేరినదై ఉండాలి. అలాంటివి వందల్లో ఒకటి ఉంటాయి. ఆగిపోయేవీ దాటేవీ రెండూ ఉన్నప్పుడే లోపల ఏముందో తేడాగా బయటపడుతుంది. ఆసుపత్రి ఎక్స్‌రే గోడంత రాయికే ఆగిపోతుంది, న్యూట్రినో భూగోళం మొత్తాన్ని ఏమీ లేనట్టు దాటేస్తుంది. ఒకటి రాక, రెండోది ఆగక, రెండూ కొండ లోపలి సంగతి చెప్పలేవు.

పుచ్చకాయ కొనేవాళ్లు వేలితో తట్టి చూస్తారు. గోడ గుల్లగా ఉందా లేదా అని మేస్త్రీ కూడా తట్టే చూస్తాడు. ధ్వని తరంగాలు, రాడార్ తరంగాలు పంపే పద్ధతులు ఆ తట్టడానికే మెరుగైన రూపాలు. రాతి పలకల మధ్య సందులు, తేమ, పగుళ్లు ఆ తరంగాలను చెదరగొడతాయి. పదుల మీటర్ల లోతుకు వెళ్లేసరికి వాటి జవాబు మసకబారుతుంది. మ్యూయాన్ దాదాపు సరళరేఖలో వస్తుంది, పైగా ఎవరూ పంపకుండానే రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది.

ఈ తర్కాన్ని ఇంజనీరింగ్ పనికి మొదట వాడిన సందర్భం 1955 నాటిది. ఆస్ట్రేలియాలోని స్నోయీ పర్వతాల్లో జలవిద్యుత్ పథకం కోసం తవ్విన సొరంగంలో ఇ.పి. జార్జ్ అనే శాస్త్రవేత్త గైగర్ కౌంటర్లు పెట్టి, పైనున్న రాతి భారం ఎంతో మ్యూయాన్ల ద్వారా అంచనా కట్టారు. ఆ గైగర్ కౌంటర్‌కు కణం వచ్చిందని తెలిసేదే తప్ప ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిసేది కాదు. దిక్కు తెలియకపోతే బొమ్మ తయారవ్వదు.

దిక్కు కూడా తెలిసేలా చేసి, దాన్ని పిరమిడ్ దాకా తీసుకెళ్లినవాడు లూయీస్ ఆల్వరెజ్. కణ భౌతికశాస్త్రంలో చేసిన కృషికి 1968లో నోబెల్ బహుమతి అందుకున్న ఆయన మనసులో అంతకుముందు నుంచే ఒక ప్రశ్న ఉంది. ఈజిప్టులోని ఖుఫు పిరమిడ్‌లో మూడు గదులు, గ్రాండ్ గ్యాలరీ అనే పెద్ద ఏటవాలు నడవ ఉన్నాయి. పక్కనే దాదాపు అంతే ఎత్తున్న, ఖుఫు కొడుకు ఖాఫ్రా కట్టించిన పిరమిడ్‌లో తెలిసిన ప్రధాన గది అడుగున ఒక్కటే ఉంది. తండ్రి అంత సంక్లిష్టంగా కట్టిస్తే కొడుకు ఇంత సాదాగా ఎందుకు కట్టిస్తాడు? పైన ఇంకా గదులు దాగి ఉండాలి కదా? ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త అహ్మద్ ఫక్రీతో కలిసి ఆయన బృందం ఆ అడుగు గదిలో కణం వెళ్లిన దారిని మెరుపులుగా చూపే స్పార్క్ ఛాంబర్లు అమర్చింది. 1967 జూన్‌లో అరబ్బు ఇజ్రాయెల్ యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ మొదలైంది.

ఫలితాలు 1970లో వెలువడ్డాయి. ఖాఫ్రా పిరమిడ్ శిఖరం దగ్గర మిగిలి ఉన్న నున్నటి సున్నపురాయి టోపీ కింది గదిలోని డిటెక్టర్‌కు మ్యూయాన్ల తేడాగా కనిపించింది. పరికరం పని చేస్తోందనడానికి అంతకంటే మంచి రుజువు ఉండదు. పరిశీలించింది పిరమిడ్ ఘనపరిమాణంలో 19 శాతం. అందులో దాగిన గది ఏదీ లేదు. ఆల్వరెజ్‌కు ఏమీ దొరకలేదని చాలామంది ఇప్పటికీ రాస్తుంటారు. అది సరికాదు. చూసిన మేర గది లేదని ఆయన తేల్చారు. చూడకపోవడం వేరు, చూసి లేదని చెప్పడం వేరు. టోపీ కనిపించిన పరికరానికి గది ఉంటే కనిపించి ఉండేది కాబట్టే ఆ లేదనడానికి విలువ. కోలార్ అడుగున వచ్చిన సున్నాకు విలువ తెచ్చిందీ అలాంటి ఆధారమే. పైనున్న ప్రతి లోతులో లెక్క సరిపోయాకే కదా అడుగున వచ్చిన సున్నాను నమ్మింది.

ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు ఈ పద్ధతి పెద్దగా ముందుకు పోలేదు. 2003లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల దీనికి ఇంకో దారి చూపించింది. మ్యూయాన్లు ఎన్ని ఆగాయన్నది కాకుండా, దాటినవి ఎంత వంకర తిరిగాయన్నది కొలవడం ఆ దారి. యురేనియం, సీసం లాంటి బరువైన కేంద్రకాలు మ్యూయాన్‌ను ఇనుము కంటే ఎక్కువగా పక్కకు నెడతాయి. వస్తువుకు పైనా కిందా డిటెక్టర్లు పెట్టి, లోనికి వెళ్లిన దారినీ బయటికొచ్చిన దారినీ పోల్చితే లోపలున్న బరువు పదార్థం బయటపడుతుంది. లారీల్లో, కంటెయినర్లలో దాచిన అణు పదార్థాన్ని మూత తీయకుండా కనిపెట్టడం దీని మొదటి ఉద్దేశం. కంటెయినరుకు రెండు వైపులా డిటెక్టర్లు పెట్టవచ్చు, కొండకు పెట్టలేం. అందుకే పెద్ద కట్టడాలకు ఎన్ని ఆగాయన్న పాత పద్ధతే ఇప్పటికీ ఆధారం.

జపాన్‌లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన హిరోయుకీ తనాకా బృందం అసామా అగ్నిపర్వతం శిఖరం లోపలి సాంద్రతను ఇలాగే బొమ్మ తీసింది. పర్వతం కిందికి డిటెక్టర్‌ను దించలేం కాబట్టి పక్కన పెట్టి, దాదాపు అడ్డంగా వచ్చే మ్యూయాన్లను పట్టుకున్నారు. అడ్డంగా వచ్చేవి చాలా తక్కువ కాబట్టి ఎదురుచూపు ఇంకా ఎక్కువ. ఊటీలో ఇంకో చిత్రం జరిగింది. అక్కడి గ్రేప్స్-3 మ్యూయాన్ టెలిస్కోప్ 560 చదరపు మీటర్ల విస్తీర్ణమున్నది. 2014 డిసెంబర్ 1న పైనుంచి వెళ్లిన ఉరుముల మేఘం వల్ల మ్యూయాన్ల సంఖ్య కొన్ని నిమిషాలపాటు తగ్గింది. ఆ తగ్గుదల నుంచి మేఘంలోని విద్యుత్ పొటెన్షియల్ సుమారు 130 కోట్ల వోల్టులని లెక్కగట్టి 2019లో ప్రచురించారు. మేఘాన్ని కట్టడం అనలేం గానీ, లోపలికి పోలేని పెద్ద వస్తువు గురించి మ్యూయాన్ల సంఖ్యే చెప్పడం ఇక్కడా అదే.

మనుషుల ప్రాణాలకు దగ్గరగా ఈ పద్ధతి వచ్చింది ఫుకుషిమాలో. 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ తర్వాత అక్కడి ఒకటి, రెండు, మూడు నంబర్ల రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. కరిగి ఎక్కడికి జారిందో తెలియకుండా శుభ్రపరిచే పని ప్లాన్ చేయడం కుదరదు. లోపలి రేడియేషన్ వల్ల మనిషి అడుగుపెట్టే వీలు లేదు. రియాక్టర్ భవనం బయట, గామా కిరణాలను అడ్డుకునే ఇనుప కవచంలో డిటెక్టర్లు పెట్టారు. 2015లో ఒకటో రియాక్టర్ బొమ్మ వచ్చింది. ఇంధనం ఉండాల్సిన చోట యురేనియం వేసే దట్టమైన నీడ కనిపించలేదు. అంటే అది కిందికి జారిపోయింది. 2016లో రెండో రియాక్టర్‌లో ఇంధనం ఉండే పీడన పాత్ర అడుగున బరువైన పదార్థం పోగుపడి ఉందని తేలింది. రెండు రియాక్టర్లకూ ఒకే ప్రమాదం, లోపలి స్థితి మాత్రం వేరు. ఎవరూ లోపలికి వెళ్లకుండా ఆ తేడా తెలిసింది. రెండో రియాక్టర్ నుంచి కరిగిన ఇంధనంలో గ్రాముకు తక్కువైన మొదటి నమూనా పొడవుగా సాగే పరికరంతో బయటికొచ్చింది 2024 నవంబర్‌లో. అంత చిన్న ముక్కకే పదమూడేళ్లు పట్టిన చోట, ఏ అడుగున ఎంత ఉందో ముందే అంచనా చేతికి రావడం మామూలు సాయం కాదు.

ఆల్వరెజ్ వదిలిపెట్టిన ఖుఫు పిరమిడ్ దగ్గరికి మ్యూయాన్ డిటెక్టర్లు చేరడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. కైరో విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విభాగం, ఫ్రాన్స్‌లోని హెచ్‌ఐపీ సంస్థ కలిసి స్కాన్‌పిరమిడ్స్ పేరుతో పని మొదలుపెట్టాయి. మూడు బృందాలు మూడు వేర్వేరు పరికరాలతో వచ్చాయి. నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు న్యూక్లియర్ ఎమల్షన్ ఫిల్ములు తెచ్చారు. ఇవి పాతకాలం ఫొటో ఫిల్ముల్లాంటివే, జెలటిన్‌లో వెండి బ్రోమైడ్ స్ఫటికాలు. కరెంటు అక్కర్లేదు. నెలల తరబడి పిరమిడ్ లోపల రాణి గది అని పిలిచే గదిలో పడి ఉండి, తమ గుండా వెళ్లిన ప్రతి మ్యూయాన్ గీతనూ దాచుకుంటాయి. తర్వాత కడిగి, మైక్రోస్కోప్ కింద యంత్రాలతో చదువుతారు. జపాన్‌కే చెందిన కేఈకే పరిశోధన సంస్థ సింటిల్లేటర్లు పెట్టింది. వీటిలో మ్యూయాన్ తగిలినప్పుడల్లా చిన్న మెరుపు వస్తుంది. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏ మాత్రం గ్యాస్ నింపిన టెలిస్కోపులను పిరమిడ్ బయట, ఉత్తరం వైపు నిలబెట్టి లోపలికి గురిపెట్టింది.

ఎందుకంత కాలం పడుతుందో ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. దారిలో వంద మీటర్ల రాయి ఉండి, అందులో ఐదు మీటర్లు ఖాళీ అయితే ఆ దిక్కు నుంచి వచ్చే మ్యూయాన్లు సుమారు పది శాతం పెరుగుతాయి. కణాలు వచ్చి పడటం వాన చినుకుల్లా ఉంటుంది, సమయం చెప్పి రావు. వంద లెక్కపెడితే అటూ ఇటూ పది తేడా ఉండటం సహజం. 110 వచ్చాయంటే ఖాళీ ఉందనీ అనవచ్చు, యాదృచ్ఛికమనీ అనవచ్చు. పదివేలు లెక్కపెడితే సహజమైన తేడా అటూ ఇటూ వందే, అంటే పది శాతం కాస్తా ఒక్క శాతమవుతుంది. అప్పుడు 11,000 వస్తే దాన్ని యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు. తేడాను పదో వంతుకు తగ్గించుకోవాలంటే వంద రెట్లు లెక్కపెట్టాలి. ఈ నియమాన్ని ఏ ఖరీదైన పరికరమూ తప్పించలేదు. డిటెక్టర్ విస్తీర్ణం పెంచాలి, లేదా నెలలు ఆగాలి.

2017 నవంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం ఆ నెలల ఫలమే. గ్రాండ్ గ్యాలరీకి పైన, కనీసం 30 మీటర్ల పొడవున, అడ్డుకోతలో దాదాపు గ్యాలరీ అంత పెద్ద ఖాళీ ఉందని మూడు బృందాలూ విడివిడిగా కనిపెట్టాయి. మొదట ఎమల్షన్ ఫిల్ముల్లో కనిపించింది. సింటిల్లేటర్లలోనూ అదే చోట కనిపించింది. బయటున్న గ్యాస్ టెలిస్కోపులూ అటే వేలు చూపించాయి. పిరమిడ్ బయట నిలబడి దాని లోతైన ఖాళీని పట్టుకోవడం అదే మొదటిసారి. ఇందులో అన్నిటికంటే గట్టి సంగతి ఖాళీ పరిమాణం కాదు, మూడు భిన్నమైన పద్ధతులు ఒకే మాట చెప్పడం. ఫిల్ముకు వచ్చే లోపం గ్యాస్‌కు రాదు. లోపల నిలబడి చేసే పొరపాటు బయట నిలబడినవాడు చేయడు.

ఆ ఖాళీ ఏమిటన్న చర్చ మాత్రం వెంటనే రాజుకుంది. జాహీ హవాస్ లాంటి ఈజిప్టు పురాతత్వవేత్తలు పిరమిడ్ కట్టుబడిలో ఖాళీలు ఉండటం కొత్తేమీ కాదన్నారు. గ్యాలరీ మీద బరువు పడకుండా వదిలిన ఖాళీ అని కొందరు, కట్టేటప్పుడు రాళ్లు ఎక్కించడానికి వాడిన దారి అని మరికొందరు అన్నారు. రాజు గది పైన బరువు తగ్గించడానికి ఒకదాని మీద ఒకటిగా ఐదు చిన్న గదులు ఉన్న సంగతి ఎప్పటి నుంచో తెలుసు. కాబట్టి మొదటి మాట అసాధ్యమేమీ కాదు. మ్యూయాన్లకు ఈ చర్చలో చెప్పే మాట లేదు. అవి చెప్పేది సాంద్రత ఒక్కటే, ఆ దారిలో పదార్థం ఎక్కువా తక్కువా అని. ఖాళీ ఒక్కటేనా, పక్కపక్కనే రెండు మూడా, పడుకుని ఉందా, గ్యాలరీలా ఏటవాలుగా ఉందా అన్నది కూడా 2017 కొలతలు తేల్చలేదు. టీవీ చానళ్లు ‘రహస్య గది’ అని ప్రచారం చేశాయి. శాస్త్రవేత్తలు ఎంచుకున్న మాట ‘ఖాళీ’. ఈ రెండు మాటలూ ఒకటి కావు. గది అంటే ఎవరో ఉద్దేశంతో కట్టింది.

ఉత్తరం వైపు పరిస్థితి వేరు. అసలు ప్రవేశ ద్వారం మీద పైకప్పులా వాలిన పెద్ద రాళ్ల వెనుక ఏదో ఖాళీ ఉందని 2016లోనే సూచన దొరికింది. అక్కడ లెక్క మరికొంత కాలం సాగించి, డిటెక్టర్ల స్థానాలు మార్చి, 2023 మార్చిలో వివరాలు ప్రకటించారు. తొమ్మిది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న నడవ అది. ఉపరితలానికి దగ్గరగా ఉండటం వల్ల రాడార్, అల్ట్రాసౌండ్ కూడా అక్కడిదాకా చేరి ఆ జాడను నిర్ధారించాయి. చివరికి రాళ్ల సందులోంచి ఆరు మిల్లీమీటర్ల మందం ఎండోస్కోప్ కెమెరా దూర్చారు. నడవ ఉంది. పైకప్పు వాలు రాళ్లతో కట్టి ఉంది. లోపల ఏ వస్తువూ లేదు. లోనికి ఎవరూ అడుగుపెట్టకుండానే లెక్కగట్టిన నడవ కెమెరా కంటికి అలాగే కనిపించింది.

పెద్ద ఖాళీకి అలాంటి సందు లేదు. గ్యాలరీ పైన, రాతి మధ్యలో ఉందది. దాన్ని చేరుకోవాలంటే 4,500 ఏళ్ల కట్టడానికి కన్నం పెట్టాలి. అందువల్ల ఇప్పటికి దాని గురించి తెలిసిందంతా రాణి గదిలో ఫిల్ముల మీద పడిన గీతలు, ఉత్తరం వైపు గ్యాస్‌లో నమోదైన లెక్కలు, ఎక్కువ నెలలు వేచి ఉంటే ఇంకా సన్నబడే ఆ అటూ ఇటూ తేడాలు మాత్రమే.